సిటీ ఓనర్ల సందేహాలు: మైలేజ్ ఎటు పోతోంది, ఏ ఇంజన్ ఎవరికి, ఏ మార్పు దండగ

పోయిన సంచికలో మిడ్‌సైజ్ సెడాన్ల గురించి రాశాక వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం హోండా సిటీ ఓనర్లవే. 1998లో మన దేశంలోకి దిగిన బండి, ఇప్పటికి ఐదు తరాలు మారింది, ఇరవయ్యేళ్ళ కిందటి సిటీలు కూడా మన ఊళ్ళలో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి, కాబట్టి ప్రశ్నలు రావడంలో వింతేం లేదు. ఈసారి శీర్షిక మొత్తం సిటీకే ఇచ్చేశాం, పోలిక కోసం హ్యుందాయ్ వెర్నా, ఫోక్స్‌వ్యాగన్ వర్టస్, స్కోడా స్లావియా మధ్యలో వస్తాయి.

ప్రశ్న (హనుమకొండ): అన్నా, నాది 2017 సిటీ పెట్రోల్ సీవీటీ (గేర్ల బదులు బెల్టుతో నడిచే ఆటోమేటిక్), 78 వేలు తిరిగింది. ఇదివరకు ఊళ్ళో 12, హైవే మీద 17 దాకా ఇచ్చేది. ఇప్పుడు ఊళ్ళో 9 దాటట్లేదు, హైవే మీద 14. సర్వీస్ సెంటర్లో అడిగితే ఈ20 పెట్రోల్ సార్, అందరికీ ఇంతే అంటున్నారు. నిజమేనా? బండి అమ్మేయమంటారా?

జవాబు: అమ్మకు తమ్ముడూ, ముందు లెక్క చూద్దాం. లీటర్ పెట్రోల్లో దాదాపు 32 మెగాజౌళ్ళ శక్తి ఉంటుంది, లీటర్ ఇథనాల్లో దాదాపు 21, అంటే మూడింట రెండొంతులు. ఇదివరకు బంకుల్లో పోసింది పది శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్, ఇప్పుడు పోస్తున్నది ఇరవై శాతం, ఈ20 అంటే అదే. ఈ రెండింటికీ మధ్య శక్తిలో తేడా మూడున్నర శాతం చిల్లర, అసలు ఇథనాల్ కలపని పెట్రోల్‌తో పోల్చినా ఏడు శాతం. 2021లో నీతి ఆయోగ్ వేసిన రిపోర్ట్‌లో కూడా పాత డిజైన్ కార్లకి ఆరేడు శాతం తగ్గొచ్చనే ఉంది. అంటే నీ బండి 12 నుంచి 11.5కి రావాలి, మరీ అయితే 11కి కాస్త పైన ఆగాలి. 9కి పడిందంటే అది పెట్రోల్ ఒక్కదాని పని కాదు. బండిలో ఇంకేదో ఉంది, అది వెతక్కుండా ఈ20 మీద తోసేసి పంపిస్తే ఆ సర్వీస్ సెంటర్ వాళ్ళ పని సులువు అయిపోయినట్టే కానీ నీ డబ్బులు పోతూనే ఉంటాయి.

మొదట కొలత సరిగ్గా ఉండాలి. మీటర్‌లో కనపడే యావరేజ్‌ని నమ్మకు, అది ఇంజెక్టర్ ఎంత పోసిందో అంచనా కట్టి చూపించే అంకె, చాలా బండ్లలో అసలు కన్నా కొంచెం ఎక్కువే చూపిస్తుంది. ఒకే బంకులో, వీలైతే ఒకే పంపు దగ్గర, మొదటి ఆటో కట్ పడగానే ఆపించు, పైన రౌండ్ ఫిగర్ కోసం టక్ టక్ మని కొట్టించొద్దు. ట్రిప్ మీటర్ సున్నా చెయ్యి. మళ్ళీ ట్యాంక్ సగం కన్నా కిందికి వచ్చాక అక్కడే అదే పద్ధతిలో నింపి, తిరిగిన కిలోమీటర్లని పట్టిన లీటర్లతో భాగించు. ఇలా వరసగా కొన్ని ట్యాంకులు చేస్తేనే అసలు సంగతి తెలుస్తుంది, ఒక్క ట్యాంకు లెక్కతో ఏమీ తేల్చలేం.

ఇప్పుడు బండి సంగతి. సిటీలో ఉష్ణోగ్రత చూపించే ముల్లు ఉండదు, దానికి బదులు డ్యాష్‌బోర్డులో చిన్న నీలం లైటు ఉంటుంది, పొద్దున స్టార్ట్ చెయ్యగానే వెలిగి ఇంజన్ వేడెక్కాక ఆరిపోతుంది. ఆ లైటు ఎంతసేపు వెలుగుతోందో చూడు. మన ఎండలకి నాలుగైదు నిమిషాల్లో ఆరిపోవాలి. చాలాసేపు ఆరకపోయినా, ఆరిపోయిన లైటు హైవే మీద స్పీడుగా పోతుంటే మళ్ళీ వెలిగినా థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాకే కూలెంట్‌ని రేడియేటర్‌కి వదిలే వాల్వ్) తెరుచుకునే ఉండిపోయిందని అర్థం. అప్పుడు ఇంజన్ ఎప్పుడూ చల్లగానే ఉన్నాననుకుని పెట్రోల్ ఎక్కువ పోయించుకుంటుంది. చిన్న సామానే కానీ మైలేజ్‌ని గట్టిగా తినేస్తుంది, మెకానిక్‌లు కూడా దీన్ని చాలాసార్లు చూడరు ఎందుకంటే బండి వేడెక్కితేనే మనం కంప్లయింట్ చేస్తాం, చల్లగా ఉందని ఎవరూ చెయ్యరు కదా.

రెండోది బ్రేకులు. హైవే మీద ఓ ఇరవై కిలోమీటర్లు వెళ్ళి, చివర్లో బ్రేకు పెద్దగా వాడకుండా నెమ్మదిగా ఆపి, నాలుగు చక్రాల దగ్గరా రిమ్ముకి ముట్టకుండా చెయ్యి పెట్టి చూడు. మూడు గోరువెచ్చగా ఉండి ఒకటి కాలిపోతుంటే అక్కడ బ్రేకు పట్టేసింది. వెనక డ్రమ్ముల్లో హ్యాండ్‌బ్రేక్ కేబుల్ బిగుసుకున్నా ఇదే జరుగుతుంది. జాకీ వేసి చక్రం చేత్తో తిప్పితే తెలిసిపోతుంది, ఒక్క ఊపుకి రెండు మూడు చుట్లు తిరగాలి.

ఆ తర్వాత టైర్లలో గాలి ఎంతుందో, ఎయిర్ ఫిల్టర్ ఎలా ఉందో చూడు. 78 వేలు తిరిగిన సీవీటీ కాబట్టి దాని ఆయిల్ ఎప్పుడు మార్చారో కూడా అడుగు, దానికి హెచ్‌సీఎఫ్-2 అనే హోండా ఆయిలే పోయాలి, మామూలు ఆటోమేటిక్ ఆయిల్ పోస్తే గేర్‌బాక్స్ పోతుంది. 40 వేలకోసారి మార్చించేస్తే నిశ్చింత. ఇంకో మాట, ఈ20 వల్ల రబ్బరు పైపులు పాడైపోతాయని భయపడుతున్నావేమో, 2009 నుంచి తయారైన తమ కార్లన్నిట్లో వాడిన మెటీరియల్ ఈ20కి తట్టుకుంటుందని హోండా వాళ్ళే చెప్పారు, ఆ విషయంలో బెంగ పెట్టుకోకు.

ప్రశ్న (విశాఖపట్నం): సార్, మా సిటీ 2018 పెట్రోల్. కంపెనీ వాళ్ళు 0డబ్ల్యూ-20 ఆయిల్ పోస్తారు. మా మెకానిక్ ఏమో ఇది నీళ్ళలా ఉంది, మన వేడికి ఆగదు, 20డబ్ల్యూ-40 పోద్దాం ఇంజన్ స్మూత్ అవుద్ది అంటున్నాడు.

జవాబు: పోయించకండి. పలచగా ఉండాలనే దాన్ని అలా తయారు చేశారు. ఆ ఇంజన్లో బేరింగుల మధ్య సందులు, ఆయిల్ పంపు, వీటెక్ (వాల్వులు తెరుచుకునే తీరు మార్చే హోండా ఏర్పాటు) పనిచేసే సన్నని ఆయిల్ దారులు అన్నీ ఆ పలచదనానికి తగ్గట్టే ఉంటాయి. చిక్కటి ఆయిల్ పోస్తే శబ్దం కాస్త తగ్గినట్టు అనిపిస్తుంది, దాన్నే మీ మెకానిక్ స్మూత్ అంటున్నాడు, కానీ పొద్దున స్టార్ట్ చేసినప్పుడు పైన క్యామ్‌షాఫ్ట్ దాకా ఆయిల్ చేరడం ఆలస్యం అవుతుంది, మైలేజ్ కూడా కొంచెం తగ్గుతుంది. వేడి అంటారా, బయట విశాఖ ఎండ 40 ఉన్నా లోపల ఇంజన్ని కూలెంట్ 90 దగ్గరే పట్టి ఉంచుతుంది, చలి దేశంలో అయినా అంతే.

ప్రశ్న (గుంటూరు): అండీ నమస్తే. మాకు 2015 సిటీ డీజిల్ ఉంది, లక్షా నలభై వేలు తిరిగింది, వ్యాపారం పని మీద నెలకి రెండు వేల కిలోమీటర్ల పైనే హైవే తిరుగుతాను. ఇప్పటికీ 20, 21 ఇస్తుంది. అందరూ పదేళ్ళు దాటింది డీజిల్ బండి ఇక నడపనివ్వరు, హైబ్రిడ్‌కి మారిపో అంటున్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: పదేళ్ళ డీజిల్ రూల్ ఢిల్లీ, దాని చుట్టుపక్కల ఎన్‌సీఆర్ ప్రాంతానిది, గుంటూరుకి కాదు. మన దగ్గర రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ళు, ఆ తర్వాత ఫిట్‌నెస్ చేయించుకుని ఐదేళ్ళకి రెన్యూవల్. అందుకని ఆ భయంతో అయితే అమ్మాల్సిన పని లేదు.

మీ దాంట్లో ఉన్నది హోండా 1.5 ఐ-డీటెక్ డీజిల్ ఇంజన్, పవర్ 100 పీఎస్, లాగే బలం (టార్క్) 200 ఎన్‌ఎం, ఆరు గేర్లు. శబ్దం, వైబ్రేషన్ ఎక్కువ అన్న పేరు తప్ప పనికి వంక పెట్టలేని ఇంజన్. 2014లో వచ్చినప్పుడు కంపెనీ 26 మైలేజ్ అని చెప్పింది, మీకు 20 పైన వస్తోందంటే ఆరోగ్యంగానే ఉంది. పైగా మీది బీఎస్4 (పాత పొగ ప్రమాణాల) బండి, తర్వాత వచ్చిన బీఎస్6 డీజిళ్ళలో ఉండే పార్టిక్యులేట్ ఫిల్టర్ (పొగలోని మసిని పట్టేది) గొడవ దీనికి లేదు, ఆ ఫిల్టర్ ఊళ్ళో చిన్న చిన్న ట్రిప్పులకి మూసుకుపోయి ఎంతమంది ఏడ్చారో నాకు తెలుసు. ఇప్పుడు కొత్త సిటీ డీజిల్ కొందామన్నా దొరకదు, 2023లో ఆపేశారు.

హైబ్రిడ్ (పెట్రోల్ ఇంజన్, కరెంటు మోటారు రెండూ ఉన్నది) మంచి బండే, కానీ దాని అసలు బలం ట్రాఫిక్‌లో. హైవే మీద నిలకడగా 100లో పోతుంటే ఇంజన్ చక్రాలకి క్లచ్‌తో నేరుగా కలిసిపోతుంది, బ్రేక్ వేసినప్పుడు కరెంటు పట్టుకునే అవకాశమూ తక్కువ, దాంతో మామూలు పెట్రోల్ సిటీ మీద దానికుండే ఆధిక్యం కొంత కరిగిపోతుంది. మీరు తిరిగేదంతా హైవేనే కాబట్టి లక్షలు పెట్టి మారితే మీకు పెద్దగా మిగిలేది లేదు. ఆ డబ్బులో చిన్న ముక్క ఈ బండి మీద పెట్టండి. ఈజీఆర్ వాల్వ్ (పొగలో కొంత మళ్ళీ ఇంజన్లోకి పంపేది), ఇన్‌టేక్ మానిఫోల్డ్ విప్పి మసి శుభ్రం చేయించండి, ఇన్ని కిలోమీటర్లకి లోపల తారులా పేరుకుని ఉంటుంది. డీజిల్ ఫిల్టర్ టైముకి మార్చండి, అందులో చేరే నీళ్ళు వంచేయించండి. టర్బో పైపుల్లో ఆయిల్ కారుతోందా, ఎక్కువ గేర్‌లో తొక్కితే ఆర్‌పీఎమ్ లేచి స్పీడు లేవకుండా క్లచ్ జారుతోందా అనేవి చూపించండి. ఇంజన్ మౌంట్లు మార్చితే మీరు ఇన్నాళ్ళూ డీజిల్ వైబ్రేషన్ అనుకున్నదాంట్లో సగం పోవచ్చు. ఇవన్నీ అయ్యాక కూడా బోర్ కొట్టి మారాలనిపిస్తే మారండి, అది వేరే విషయం.

ప్రశ్న (కూకట్‌పల్లి): మాది 2012 సిటీ మాన్యువల్. రోజూ గచ్చిబౌలి ఆఫీసు, నెలకి రెండుసార్లు విజయవాడ. ఇప్పుడు అప్‌గ్రేడ్ అవ్వాలి. కొత్త సిటీ పెట్రోల్, సిటీ హైబ్రిడ్, వెర్నా టర్బో, వర్టస్ 1.5 నాలుగూ టెస్ట్ డ్రైవ్ చేశాను, ఒక్కోటి ఒక్కోలా బాగుంది, తేల్చుకోలేకపోతున్నా. మైలేజ్ ముఖ్యం, కానీ ఓవర్‌టేక్ చేసేటప్పుడు పికప్ కూడా కావాలి.

జవాబు: మీరు అడిగినవన్నీ 1.5 లీటర్ ఇంజన్లే, స్వభావంలో మాత్రం మూడు రకాలు. సిటీ పెట్రోల్ టర్బో (ఇంజన్లోకి గాలిని ఒత్తి పంపేది) లేనిది, 121 పీఎస్, 145 ఎన్‌ఎం, అయితే ఆ 145 వచ్చేది 4,300 ఆర్‌పీఎమ్ దగ్గర. వెర్నా టర్బో 160 పీఎస్, 253 ఎన్‌ఎం, వర్టస్ 1.5 టీఎస్‌ఐ 150 పీఎస్, 250 ఎన్‌ఎం, ఈ రెండిట్లో ఆ బలం 1,500, 1,600 ఆర్‌పీఎమ్ నుంచే అందుతుంది. మీరు విజయవాడ రోడ్డు మీద లారీని దాటాలనుకోండి, సిటీలో గేరు దించి ఇంజన్ని పైకి అరిపించాలి, టర్బోల్లో ఉన్న గేరులోనే కాలు కొంచెం నొక్కితే చాలు. మీ 2012 సిటీలో 118 పీఎస్ వీటెక్‌ని అరిపించడం మీకు అలవాటే, ఇష్టమే కూడా అయ్యుండొచ్చు, కానీ ఒకసారి టర్బో అలవాటైతే వెనక్కి రావడం కష్టం.

కాకపోతే టర్బో మైలేజ్ మీ కుడికాలి చేతిలో ఉంటుంది, సరదా పడినప్పుడల్లా తాగుతుంది. వర్టస్, స్లావియా 1.5లో నిలకడగా పోతున్నప్పుడు నాలుగు సిలిండర్లలో రెండిటికి పెట్రోల్ ఆపేసే ఏర్పాటు ఉంది, హైవే మీద అది బాగా ఉపయోగం. కానీ వర్టస్‌లో డీఎస్‌జీ తీసుకున్నా వెర్నాలో డీసీటీ తీసుకున్నా రెండూ జంట క్లచ్చుల ఆటోమేటిక్‌లే, లోపల ఆయిల్ చల్లార్చని డ్రై క్లచ్చులే, జేఎన్‌టీయూ నుంచి హైటెక్ సిటీ దాకా అడుగు అడుగు పాక్కుంటూ పోయే ట్రాఫిక్ వాటికి పడదు. అలాంటి చోట ముందు బండి కదిలినప్పుడల్లా పాకకుండా కాస్త ఖాళీ రానిచ్చి ఒకేసారి కదలడం అలవాటు చేసుకోవాలి.

సిటీ హైబ్రిడ్ ఎలా పనిచేస్తుందో చాలామంది షోరూమ్ వాళ్ళు కూడా సరిగ్గా చెప్పరు. ఊళ్ళో ఎక్కువసేపు చక్రాలని తిప్పేది కరెంటు మోటారే, 253 ఎన్‌ఎం. పెట్రోల్ ఇంజన్ జనరేటర్‌ని తిప్పి కరెంటు ఇస్తుంది, బ్యాటరీ సరిపడా ఉంటే ఆగిపోతుంది. మీకు గేరు మార్పులూ క్లచ్చు అరుగుడూ రెండూ ఉండవు, ట్రాఫిక్‌లో ఇంజన్ చాలాసేపు ఆగే ఉంటుంది. 2022లో వచ్చినప్పుడు 26.5 మైలేజ్ అని చెప్పారు, మీ ఆఫీసు దారిలో 20 వచ్చినా మామూలు సిటీ ఆటోమేటిక్ కన్నా చాలా ఎక్కువ. బ్యాటరీ మీద ఎనిమిదేళ్ళు లేదా లక్షా అరవై వేల కిలోమీటర్ల వారంటీ. లోటేంటంటే డిక్కీ. మామూలు సిటీలో 506 లీటర్లు, హైబ్రిడ్‌లో 306, బ్యాటరీ అక్కడే కూర్చుంటుంది. పండక్కి ఊరెళ్ళి బియ్యం బస్తా, పచ్చడి జాడీలు, రెండు సూట్‌కేసులు వేసుకొచ్చే ఇల్లయితే ఇది ముందే ఆలోచించుకోవాలి.

డబ్బు లెక్క కూడా వేద్దాం, సులువుగా ఉండటానికి పెట్రోల్ లీటర్ 100 అనుకుందాం. నెలకి వెయ్యి కిలోమీటర్లు ఊళ్ళో తిరిగితే 12 ఇచ్చే బండికి 83 లీటర్లు, 21 ఇచ్చే బండికి 48 లీటర్లు, నెలకి మూడున్నర వేలు మిగులు. రెండు బండ్ల ధరలో తేడా మూడు లక్షలైతే అది రాబట్టడానికి ఏడేళ్ళు దాటుతుంది. కాబట్టి డబ్బు ఆదా ఒక్కటే కారణమైతే హైబ్రిడ్ వద్దు, రోజూ రెండు గంటల ట్రాఫిక్‌లో ప్రశాంతంగా కూర్చోవాలి అంటే తీసుకోండి. నన్నడిగితే మీ తిరుగుడుకి హైబ్రిడ్ మొదటి ఎంపిక, డిక్కీ అడ్డం వస్తే వర్టస్ మాన్యువల్... కానీ ఆ ట్రాఫిక్‌లో క్లచ్చు తొక్కలేరంటే సిటీ సీవీటీ. దాటేయడం కోసమే వెర్నా టర్బో కొంటానంటే కాదనను, పెట్రోల్ బిల్లు గురించి మాత్రం తర్వాత ఉత్తరం రాయకండి.

ఇంకోటి, కంపెనీ మైలేజ్ అంకెలు ల్యాబ్‌లో రోలర్ల మీద, 90 దాటని స్పీడుతో కొలిచినవి. ఔటర్ మీద 120 దాకా అనుమతి ఉంది కదాని అదే స్పీడులో పోతే ఆ అంకె ఏ బండికీ రాదు, 80 నుంచి 120కి వెళ్తే గాలి వెనక్కి నెట్టే బలం రెట్టింపు కన్నా ఎక్కువవుతుంది.

ప్రశ్న (రాజమహేంద్రవరం): బ్రో, నా దగ్గర 2010 సిటీ ఐ-వీటెక్ ఉంది, మా నాన్నగారు వాడింది, నాకిచ్చారు. ఈసీయూ రీమ్యాప్, కోన్ ఫిల్టర్, ఫ్రీ ఫ్లో ఎగ్జాస్ట్ మూడూ వేయించి పవర్ పెంచుదాం అనుకుంటున్నా, ఎల్‌ఈడీ హెడ్‌లైట్లు కూడా. బడ్జెట్ లక్ష. ఏది ముందు?

జవాబు: నాన్నగారి బండి మీద అంత ప్రేమ ఉన్నందుకు సంతోషం, అందుకే నిక్కచ్చిగా చెప్తా. రీమ్యాప్ అంటే ఈసీయూ, అదే ఇంజన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం, దానివల్ల నిజంగా లాభం టర్బో బండ్లకి, అక్కడ గాలి ఒత్తిడి పెంచొచ్చు. నీ ఇంజన్ పీల్చుకునే గాలి దాని సిలిండర్ సైజుని బట్టే ఉంటుంది, హోండా వాళ్ళు అందులోంచి అప్పటికే 118 పీఎస్ పిండేశారు, ఇక మిగిలింది చాలా తక్కువ. కోన్ ఫిల్టర్ బానెట్ కింద వేడి గాలిని పీలుస్తుంది, కంపెనీ బాక్సు బయటి చల్లగాలి తెస్తుంది, మరి ఏది మేలు? ఫ్రీ ఫ్లో (పొగని అడ్డు లేకుండా వదిలే సైలెన్సర్) పెడితే శబ్దం వస్తుంది, కింది ఆర్‌పీఎమ్‌లో లాగుడు తగ్గుతుంది, పోలీసులు ఆపుతారు. మోటార్ వెహికల్స్ చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు, 2019లో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. రేపు యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్ళు వెతికేది ఇలాంటివే.

పదిహేనేళ్ళ బండి ఇప్పుడు 118 ఇస్తోందా అనేది అసలు ప్రశ్న. ఇచ్చేది ఎంత తగ్గిందో దాన్ని వెనక్కి తెచ్చుకుంటే నీకు కొత్త బండిలా అనిపిస్తుంది. ట్యాపెట్ల నుంచి, అంటే వాల్వులకీ వాటిని నొక్కే భాగాలకీ మధ్య ఉండాల్సిన సందు సరిచూడటం నుంచి మొదలుపెట్టు. ఈ ఇంజన్లో వాల్వ్ సందు తనంతట తాను సర్దుకోదు, స్క్రూతో చేత్తో సరిచెయ్యాలి. ఇంజన్ పూర్తిగా చల్లారాక, రాత్రంతా వదిలేస్తే మరీ మంచిది, పైన కవర్ విప్పి ఒక్కో వాల్వ్ దగ్గరా ఫీలర్ గేజ్ దూర్చి చూస్తారు, పదహారు వాల్వులు, గేజ్ కాస్త పట్టి జారాలి, అటు వదులుగా ఉండకూడదు ఇటు ఇరుక్కోకూడదు. వదులుంటే టకటక శబ్దం వస్తుంది కాబట్టి తెలిసిపోతుంది, ప్రమాదం బిగుతులో ఉంది, ఎగ్జాస్ట్ వాల్వ్ సందు ఏళ్ళు గడిచేకొద్దీ తగ్గుతుంది, శబ్దం ఏమీ రాదు, వాల్వ్ సరిగ్గా మూసుకోక పవర్ కారిపోతుంది, చివరికి వాల్వ్ కాలిపోతుంది. అందుకే సైలెంట్‌గా ఉంది కదాని వదిలెయ్యకు. ఈ పని ఓపిగ్గా చేసే పాత హోండా మెకానిక్‌ని వెతుక్కో, గంటన్నర పని, ఖర్చు తక్కువ.

తర్వాత ఇరిడియం ప్లగ్గులు, థ్రాటిల్ బాడీ శుభ్రం, ఇంజన్ మౌంట్లు, కూలెంట్. ఆపైన డబ్బంతా షాక్ అబ్జార్బర్లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు, నాలుగు మంచి టైర్ల మీద పెట్టు. హెడ్‌లైట్ల విషయానికొస్తే నీ బండి లైట్ల అద్దాలు పసుపు పట్టి ఉంటాయి, వాటిని పాలిష్ చేయించి చట్టంలో ఉన్న 60/55 వాట్లలోనే మంచి కంపెనీ బల్బు వెయ్యి. హాలోజన్ రిఫ్లెక్టర్లో ఎల్‌ఈడీ బల్బు పెడితే వెలుగు చెదిరి ఎదుటివాడి కళ్ళలో పడుతుంది, నీకు రోడ్డు కనిపించేది పెద్దగా పెరగదు. ఇవన్నీ చేశాక కూడా లక్షలో ఎంతో కొంత మిగులుతుంది.

ప్రశ్న (నంద్యాల): మా ఊరి స్పీడ్ బ్రేకర్లకి సిటీ కింద తగులుతోంది. 2015 మోడల్, 175/65 ఆర్15 టైర్లు. 195/65 వేస్తే లేస్తుందంటున్నారు, స్ప్రింగుల్లో రబ్బర్లు పెట్టిస్తే ఇంకా లేస్తుందట. వేయించనా?

జవాబు: 175 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, 65 అంటే ఆ వెడల్పులో పక్క గోడ ఎత్తు ఎంత శాతమో, 15 అంటే రిమ్ము అంగుళాలు. ఆ లెక్కన మీ టైరు మొత్తం ఎత్తు 608 మిల్లీమీటర్ల చిల్లర. 195/65 అయితే 634 దాటుతుంది, నాలుగు శాతం పైన పెద్దది, స్పీడో తప్పు చూపిస్తుంది, పికప్ తగ్గుతుంది, స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు రాసుకునే భయం. 195/60 ఆర్15 వేస్తే 615, తేడా ఒక శాతమే, పట్టు బాగుంటుంది, అయితే నేల నుంచి లేచేది మూడు మిల్లీమీటర్లే. 185/65 ఆర్15 వేస్తే 621, ఆరు మిల్లీమీటర్లు లేస్తుంది, అక్కడితో ఆగండి. అప్పుడు ఓడోమీటర్ వంద చూపిస్తే నిజంగా మీరు తిరిగింది 102, మైలేజ్ లెక్క వేసేటప్పుడు అది కలుపుకోవాలి, లేకపోతే టైర్లు మార్చాక మైలేజ్ పడిపోయిందని అనుకుంటారు. లోడ్ ఇండెక్స్ 84కి తగ్గకూడదు, 84 అంటే ఒక్కో టైరు 500 కిలోలు మోస్తుంది.

రబ్బర్లు మాత్రం వద్దు. అవి స్ప్రింగులో ఒక చుట్టుని పనిచెయ్యనివ్వవు, ఆ బరువంతా మిగతా చుట్ల మీద, షాక్ మౌంట్ మీద పడుతుంది. పదేళ్ళ బండి కదా, స్ప్రింగులు కుంగి ఉంటాయి, ఒరిజినల్ స్ప్రింగులు, షాకులు కొత్తవి వేస్తే పోయిన ఎత్తు తిరిగొస్తుంది.

ప్రశ్న (విజయవాడ): ఐదో తరం సిటీకి బయట సీఎన్‌జీ కిట్ వేయించొచ్చా?

జవాబు: వేయించొచ్చు, నేనైతే వేయించను. సిలిండర్‌తో డిక్కీ పోతుంది, ఇంజన్ వారంటీ పోతుంది, వెనక బరువుకి బండి కుంగుతుంది. పైన రాజమహేంద్రవరం జవాబులో చెప్పిన వాల్వ్ సందు గ్యాస్ మీద ఇంకా త్వరగా బిగుసుకుంటుంది. వేయిస్తే మాత్రం అనుమతి ఉన్న కిట్ వేయించి ఆర్సీలో ఎక్కించాలి, ఇన్సూరెన్స్‌కి చెప్పాలి, సిలిండర్‌కి మూడేళ్ళకోసారి హైడ్రో టెస్ట్ చేయించాలి.

ప్రశ్న (టెక్సస్ నుంచి): తెనాలిలో అమ్మానాన్నల కోసం 2021 సిటీ సీవీటీ కొన్నాను. నాన్నగారు ఈమధ్య నడపట్లేదు, నెలకోసారి డ్రైవర్ని పిలిచి గుడికెళ్తారు. నేను ఏడాదికోసారి వస్తాను, వచ్చేసరికి బ్యాటరీ డౌన్, మైలేజ్ కూడా 8, 9. ఏం చెయ్యాలి?

జవాబు: మైలేజ్ గురించి ఆలోచించకండి, చల్లటి ఇంజన్‌తో గుడిదాకా వెళ్ళొస్తే ఏ బండికైనా అంతే వస్తుంది. బండి పాడవకుండా చూసుకోవడం ముఖ్యం. వారానికోసారి డ్రైవర్ని పెట్టి, ఏసీ వేసి, తెనాలి నుంచి గుంటూరు వైపు అరగంట తక్కువ కాకుండా తిప్పి తెప్పించండి. ఇంట్లోనే నిలబెట్టి ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేయడం వద్దు, స్టార్టర్ వాడిన కరెంటు బ్యాటరీకి తిరిగి ఎక్కదు, ఇంజన్ ఆయిల్లో తేమ చేరుతుంది. ట్యాంకు ఖాళీగా ఉంచొద్దు, ఇథనాల్ గాలిలో తేమని లాక్కుంటుంది, మీ డెల్టాలో తేమ మామూలుగా ఉండదు, నింపి ఉంచితే లోపల గాలి తక్కువ కాబట్టి ఆ ఇబ్బంది తగ్గుతుంది. కిలోమీటర్లు తిరగకపోయినా ఏడాదికోసారి ఆయిల్ మార్పించాలి. ఎలుకలు వైర్లు కొరకకుండా బానెట్ కింద వారానికోసారి చూడమని చెప్పండి, రిపేర్లలో ఖరీదైనది అదే. టైర్లలో గాలి రెండు మూడు పాయింట్లు ఎక్కువ పెట్టించండి. బ్రేక్ పట్టేయకుండా హ్యాండ్‌బ్రేక్ వెయ్యకుండా పార్కింగ్ గేరులో పెట్టి చక్రం కింద ఇటుక పెడితే చాలు, అయితే నేల చదునుగా ఉంటేనే. ఇక మీరు వచ్చినప్పుడు ఎయిర్‌పోర్ట్ నుంచి ఆ బండిలోనే రావాలనుకుంటే రెండు వారాల ముందే దగ్గర్లోని మెకానిక్‌కి బ్యాటరీ, బ్రేకులు, టైర్లు చూపించమని చెప్పండి, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ తేదీలు కూడా ఫొటో తీసి పంపమనండి.